కాడ మీద మూడు గాట్లు

నేను గే అన్న సంగతి ఉదయగిరిలో ఎవరికీ తెలియదు. మగవాళ్ళను ఇష్టపడే మగవాళ్ళ సైటు ఒకదానిలో మాత్రం ఎనిమిదేళ్ళుగా ఉన్నాను, అదీ పేరు లేకుండా, మొహం లేకుండా. ఎప్పుడు తెరిచినా నెల్లూరు వాళ్ళు, చెన్నై వాళ్ళు. ఫొటో లేనివాళ్ళను నేనే దాటేసేవాడిని. నా పేజీ ఎవరు చూసిపోయారో చెప్పాలంటే డబ్బు కట్టమనేది ఆ సైటు. పోవోయ్, అక్కర్లేదు, అనుకునేవాడిని.

మా ఇంట్లో కొయ్య గరిటెలు చేస్తాం. నేను చెక్కుతాను, మా ఆపా, అంటే పెద్దక్క, ఆకురాయితో నునుపు చేస్తుంది. ఒక ఆదివారం నా పేజీలోని ఖాళీ బొమ్మను చూసి చూసి విసుగొచ్చి, నేను చెక్కిన గరిటె ఫొటో పెట్టేశాను. గరిటెకు కళ్ళూ ముక్కూ ఉంటాయా, ఎవరు గుర్తుపడతారులే అని ధీమా!

మర్నాడు మధ్యాహ్నం ఫొటో లేని మనిషి నుంచి మెసేజ్. "కాడ మీద మూడు గాట్లు. ఉదయగిరిలో అట్ట వేసేది నువ్వొక్కడివే. రేపు పదకొండుకి ఆత్మకూరు బస్టాండుకు రా, మాట్లాడాల."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎంత తెలివితక్కువ వెధవని! గరిటె తిప్పి చూసి అది ఎవరి చేతిదో చెప్పేసే పనివాళ్ళం, ఆ మాట నాకే గుర్తు రాలేదు. ఆపాకు తెలిస్తే? ఆమె పక్కన కూర్చుని చెక్కే చోటు పోతుంది. నాకు ఇల్లంటే అదే. అన్నం సయించలేదు. "జొరమా ఏందిరా?" అని ఆమె నుదురు తాకితే ఏడ్చినంత పనైంది.

బస్టాండులో టీ అంగడి దగ్గర నిలబడి ఉన్నది మా సరుకు కొనుక్కుపోయే అన్న. పదేళ్ళుగా నెలకోసారి మా అరుగు మీద కూర్చుని ప్రతి గరిటెనూ తిప్పి చూసే మనిషి. అయిపోయిందిరా నా పని, అనుకున్నాను.

ఆయన ఫోన్ తీసి చూపించాడు. అదే సైటు. ఆయన పేజీ.

"నువ్వా అన్నా!"

"నేనేరా. పేరు దాచి సంతకం పెట్టినావు గదరా, మతి ఉండాదా నీకు? మీ వీధోళ్ళు ఎవురన్నా చూసుంటే? ముందు ఆ ఫొటో తీసెయ్."

"ఆ మాట మెసేజ్‌లోనే చెప్పుంటే నీ సొమ్మేం పోయిందన్నా? నిన్నటి నుంచి చచ్చి బతికినాను!"

"రాసినాను, చెరిపేసినాను. నాకు మాత్రం భయం లేదా? నువ్వు పోయి మీ ఆపాకు చెప్తే?"

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూశాడు. అది చూశాక నా కోపమంతా దిగిపోయింది. ఫొటో తీసేసి, బెంచీ మీద కూర్చుని ఇద్దరం చెరో టీ తాగాం. అబ్బా, ఎంత హాయిగా ఉండిందో! తిరుగు బస్సులో కళ్ళు మూతలు పడ్డాయి.

నెలాఖరుకు అన్న సరుకు కోసం వచ్చాడు. ఎప్పటిలాగే ఒక్కో గరిటె తిప్పి చూసి, "ఈ గాట్లు ఇంకెవురికీ రావమ్మా" అన్నాడు ఆపాతో.

"నాకు తెలీదా? నా తమ్ముడి పని యాడ కనిపించినా గుర్తుపడతా" అంది ఆపా.

అన్న నా వైపు చూశాడు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

"ఏందిరా ఆ ఇకిలింపు?" అని కసురుకుంటూ ఆమె మా ఇద్దరికీ టీ పెట్టడానికి లేచింది.