మురుగుకాలవ మేడం

భీమవరం దగ్గర మా రొయ్యల చెరువుల మురుగుకాలవలో పురుగుమందులు వెతకడానికి ఒక శాస్త్రవేత్త నెలనెలా వచ్చేవారు. సీసా ముంచేముందు గట్టుమీదున్న మమ్మల్ని అనుమతి అడిగేవారు.

"కొంచెం నీళ్ళు తీసుకోనాండి?"

"కాలవేం మా అత్తారిది కాదండి, తీసుకోండి!" అని నవ్వేవాళ్ళం.

మొదటి రిపోర్టులోనే మందు ఉందని రాశారు. రొయ్యలు ఎవరూ కొనరని భయపడి, ఆ తరవాత ఆవిడొచ్చే రోజుల్లో నేనే తూమెత్తి మురుగులో పంటకాలవ మంచినీళ్ళు కలిపాను. పరీక్షల్లో ఏమీ దొరకలేదు. ఆవిడ పైవాళ్ళు మొదటి రిపోర్టే తప్పని తేల్చి పరిశోధన ఆపేశారు. నిజానికి ఆవిడ తప్పు రాయలేదు.

మొన్న ఫోన్‌లో అంతా ఒప్పుకున్నాను. ఆవిడ తిట్టలేదు.

"దిగువ ఊళ్ళవాళ్ళు ఇంకా ఆ కాలవలో చేపలే తింటున్నారాండి?"

"తింటున్నారండి. మళ్ళీ రండి మేడం."

"ఇప్పుడు నేను రాస్తే ఎవరు నమ్ముతారండి?"