ఊరు విడిచిన చిన్నత్త, ఇంట్లోనే ఉన్న చిన్నత్త

రికార్డు గదిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పై అధికారి మొదలుకొని గది ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆమె జిగురమ్మ. చిరిగిన రిజిస్టర్లను విప్పి, కుట్టి, అట్ట వేసి, వీపుకు గుడ్డ అంటించి మళ్లీ అరలో నిలబెట్టడం ఆమె ఉద్యోగం. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి ఆమె చేసే జిగురు ముప్పయ్యొక్క సంవత్సరాలుగా ఆ పట్టణంలో పుట్టినవాళ్లనూ పోయినవాళ్లనూ పేజీల మీద కదలకుండా పట్టి ఉంచింది. బతికున్నవాళ్ల సంగతి జిగురు చేతిలో లేదు. అది అధికారుల చేతిలో ఉంది గనుకనే అంత అధ్వానంగా ఉంది.

మధ్యాహ్నం భోజన విరామంలో ఆమె తన సొంత వంశం వెతుక్కునేది. పదకొండేళ్లుగా అదే పిచ్చి. ఆ పిచ్చికి ఒకే నియమం: కాగితం లేనిదే వంశవృక్షంలో ఎవరికీ చోటు లేదు. తమ ముత్తాత కోటలో వైద్యుడని నలుగురిలో చెప్పుకునే బాబాయికి, ఆ ముత్తాత మేకల దొంగతనం కింద రెండుసార్లు శిక్షపడినట్టున్న తీర్పు నకలు ఆమె స్వయంగా తీసుకెళ్లి ఇచ్చింది. బాబాయి రెండేళ్లు మాట్లాడలేదు. "పోనీ వైద్యుడని కూడా రాయవే, మేకలకు చేశాడేమో" అని పిన్ని బతిమాలింది. ఆధారం చూపించమంది జిగురమ్మ.

ఆ వృక్షంలో ఒక కొమ్మ మొదట్లోనే ఆగిపోయింది. అది పెద్దత్తది, అంటే తండ్రికి పెద్దక్కది. ఇరవయ్యో ఏట నదిలో కొట్టుకుపోయినట్టు, శవం దొరకనట్టు మరణాల రిజిస్టరులో ఉంది. దాని పక్క కొమ్మ చిన్నత్తది. ఆ గడిలో మాత్రం పేరు పెన్సిలుతో రాసి ఉండేది. చచ్చినవాళ్లందరినీ కాగితం అడిగిన మనిషి, రోజూ ఎదురుగా కూర్చుని భోంచేసే మేనత్తను ఎన్నడూ అడగలేదు.

అడగవలసిన రోజు చిన్నత్త కళ్ల వల్ల వచ్చింది. ఎనభై నాలుగేళ్ల ఆ మేనత్త వీధిలో సగం మంది ఆడవాళ్లకు కుట్టుపని నేర్పింది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి, వేళ్లతో తడుముతూ మిషను తొక్కుతోంది. నెలన్నరలోగా ఆపరేషను చేయించకపోతే చూపు మీద ఆశ వదులుకోవాలన్నాడు డాక్టరు. గుర్తింపు కాగితం లేనిదే పేరు రాసుకునేది లేదంది ఆసుపత్రి కౌంటరు. చూపు పోతున్న మనిషి ముందు తానెవరో రుజువు చేసుకోవాలి, ఆ తరువాతే ఆమెను చూస్తారు, నిబంధన అది. రాసినవాళ్ల కళ్లకు ఏ పొరా లేదు గనుక వాళ్లను క్షమించడానికి కూడా దారి లేదు.

"నీ కార్డు ఏదత్తా?" అంది జిగురమ్మ ఇంటికొచ్చి.

"ఎలకలు కొట్టేశాయి."

"పుట్టిన సర్టిఫికెట్టు?"

"అదీ ఎలకలే."

"పోనీ బడి సర్టిఫికెట్టు?"

"ఆ ఎలకలకు చదువంటే ప్రాణమే."

జనాభా లెక్కలవాళ్లు వచ్చిన ప్రతిసారీ చిన్నత్తకు కడుపునొప్పి ఎందుకు వచ్చేదో, ఓట్ల రోజున ఆమె ఎందుకు తలుపేసుకునేదో జిగురమ్మకు అప్పుడు తట్టింది. మర్నాడే నివాసుల జాబితా పాత సంపుటం దించింది. చిన్నత్త పేరు మీద ఎర్రసిరా గీత ఉంది. పక్కన "దేశం విడిచి వెళ్లినది" అని అరవయ్యారేళ్ల కిందటి తేదీ. ఓడరేవు ప్రయాణికుల పుస్తకం నకలు తెప్పించింది. అందులోనూ చిన్నత్త పేరే, తండ్రిగా తాతగారి పేరే. వయసు పద్దెనిమిది. గుర్తు: ముక్కు కొసన పుట్టుమచ్చ.

ఆ సాయంత్రం ఆమె చిన్నత్త ముక్కును పరీక్షగా చూసింది. ఆవగింజంత మచ్చ, ఉండవలసిన చోటే ఉంది.

"నువ్వు ఓడెక్కావా అత్తా?"

మిషను ఆగింది. "ఎక్కాను."

"మరి తిరిగి ఎప్పుడొచ్చావు?"

"అక్కడి గాలి పడలేదు. వచ్చేశాను."

"ఏ ఓడలో?"

"తెల్లది."

జిగురమ్మ మూడు వారాలు తిరిగొచ్చినవాళ్ల జాబితాలన్నీ గాలించింది. ఆ మూడు వారాలూ చిన్నత్త ఏమాత్రం జాలి లేకుండా సముద్రం కబుర్లు చెప్పింది. అక్కడ వాన అడ్డంగా కురుస్తుందట. ఓడ కెప్టెను తనను పెళ్లాడతానని మోకాళ్ల మీద కూర్చున్నాడట. లేవలేకపోతే ఇద్దరు నావికులు పట్టి లేపారట. నెలన్నర గడువులో సగం ఆ కెప్టెను మోకాళ్ల కిందే నలిగిపోయింది.

దారి దొరికింది ఇంకో కట్టలో. కుట్టు తెగిన నీటి ఎద్దడి అర్జీల కట్ట ఒకటి మరమ్మతుకు వచ్చింది. నది ఎండిపోయిందనీ, చెలమలు తవ్వుకుంటున్నామనీ వీధివీధి వాళ్లూ పెట్టుకున్న అర్జీలు. సూది గుచ్చబోతూ జిగురమ్మ తేదీ చూసింది. పెద్దత్త మునిగిన నెల అదే. ఆమె ఆ పూట సెలవు పెట్టి ఇంటికి నడిచింది.

"అత్తా, ఆ నెలలో నదిలో నీళ్లు చీలమండ దాకా కూడా లేవు. పెద్దత్త ఎలా కొట్టుకుపోయింది?"

"పడుకుంటే ఎవరైనా మునుగుతారు."

"పడుకుని, మునిగి, మూడో రోజున నీ పేరూ నీ ముక్కూ పెట్టుకుని ఓడెక్కిందా?"

చిన్నత్త చేతిలోని గుడ్డను నాలుగు మడతలు పెట్టింది. "నీకు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది నేనే. ఇందుకా?"

ఆ తరువాత దాచడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. సముద్రం అవతల నేతమిల్లులో పనికి ఆడవాళ్లను తీసుకుంటున్నారు. తాతగారు వద్దని పెద్దకూతురి కాగితాలు పెట్టెలో పెట్టి తాళం వేశారు. చిన్నకూతురి బడి సర్టిఫికెట్టు మాత్రం బయటే ఉంది. అక్క దాన్ని తీసుకుని, ముక్కు కొసన సిరాచుక్క పెట్టుకుని వెళ్లిపోయింది. చెల్లెలు ఏడుస్తూ ఇంటికొచ్చి నది పేరు చెప్పింది. నదికి వెళ్లి చూసే ఓపిక ఒక్క గుమాస్తాకు ఉన్నా అరవయ్యారేళ్లు మిగిలేవి.

"ఇదంతా ఆఫీసులో చెబితే చాలత్తా. నీ పేరు నీకొస్తుంది."

"చెప్పను. అది బతికుండగా నోరు విప్పనని మాటిచ్చాను."

"బతికుంటే ఎనభై ఆరేళ్లు!"

"అయితే? దొంగపేరుతో వచ్చావని ఎనభై ఆరేళ్ల మనిషిని గెంటేస్తే ఎక్కడికి పోతుంది? సరిగ్గా నడవనైనా నడుస్తుందో లేదో."

"నీ కళ్ల సంగతేంటి?"

"మిషను చప్పుడు వినబడితే చాలు నాకు. అక్క పోయిందని రాతలో చూపించు, అప్పుడు మాట్లాడతాను. అందరినీ కాగితం అడుగుతావుగా, నన్నూ నమ్మించు."

తాను పెట్టిన నియమానికి తానే దొరికిపోవడం జిగురమ్మకు ఆ వయసులో కొత్త అనుభవం. ఆ దేశపు మిల్లు కార్మికుల సంఘానికీ, వలస కుటుంబాల పత్రికలకూ వరసగా ఈమెయిలు ఉత్తరాలు పంపింది. తొమ్మిదో ఉత్తరానికి జవాబు వచ్చింది: మీరు వెతుకుతున్నది మా అమ్మమ్మను. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఫోను తెర మీద బస్సు డ్రైవరు యూనిఫారంలో ముప్పయ్యేళ్ల అమ్మాయి కనిపించింది. ఆమె ముక్కు కొసన నల్లటి చుక్క ఉంది.

"నీ మొహం మండ, బాగున్నారా అత్తయ్యా?" అంది ఎంతో ఆప్యాయంగా.

అమ్మమ్మ తిట్టడానికే తెలుగు వాడేదట. మనవరాలికి భాష వచ్చింది గాని, ఏది తిట్టో ఏది పలకరింపో విడదీసి చెప్పినవాళ్లు లేరు.

"ముక్కు మీద అదేంటమ్మా?"

"ఇదా? మా ఇంటి ఆడవాళ్లమంతా పెట్టుకుంటాం. పెళ్లిళ్లకు మగవాళ్లు కూడా. మీ వంశాచారమే కదా? అమ్మమ్మ పోయేదాకా ఒక్క రోజు మానలేదు. ఎవరైనా మానితే, దిక్కుమాలినదానా, మనల్ని పంపించేస్తారు అనేది. దేవుడు పంపించేస్తాడేమో అనుకున్నాం."

"అది మీ అమ్మమ్మ ఓడ టిక్కెట్టు తల్లీ" అంది జిగురమ్మ, నవ్వు పెదవుల వెనక నొక్కిపెట్టి. అప్పుడే, ఆ అమ్మాయి అన్న "పోయేదాకా" అనే మాట వెనక కుర్చీలోని చిన్నత్త దాకా చేరిందని గ్రహించి తిరిగి చూసింది.

"ఎలా పోయింది?" అని అడిగింది చిన్నత్త.

"నాలుగేళ్లయింది చిన్నమ్మమ్మా. మధ్యాహ్నం కునుకు తీస్తూ, అలాగే."

"ఆ రోజు ఎవరినైనా తిట్టిందా?"

"పొద్దున పాలవాణ్ని. చాలాసేపు."

"అయితే బాగానే పోయింది."

చిన్నత్త మిషను దగ్గరకు జరిగి, అరగంటసేపు ఒకే అంచును కుట్టింది. జిగురమ్మ తరువాత చూస్తే సూదిలో దారం లేదు.

మరణపత్రం కొరియరులో వచ్చింది. చనిపోయింది చిన్నత్త అని ఉంది. కాగితాల ప్రకారం పెద్దత్త ఇక్కడ నదిలో మునిగింది. చిన్నత్త దేశం విడిచి, అక్కడ కన్నుమూసింది. పొద్దున్నే టీ చల్లారిందని ఇల్లు పీకి పందిరేసే మూడో మనిషి ఎవరన్నదే ఇక చట్టం తేల్చవలసిన ప్రశ్న.

తేల్చవలసిన అధికారికి కొర్రీలాయన అని పేరు. ఏ దస్త్రం వచ్చినా ఏదో ఒక అభ్యంతరం రాసి వెనక్కి తిప్పడం, అంటే కొర్రీ వేయడం, ఆయనకు ఊపిరి. మేనత్తనూ, ఫోనులో బస్సు డ్రైవరునూ వెంటబెట్టుకుని జిగురమ్మ ఆయన ఎదుట నిలబడింది.

"అమ్మా, ఈ పేరు గల మనిషి చనిపోయినట్టు కాగితం మీరే ఇచ్చారు" అన్నాడాయన.

"ఇచ్చాం. పోయింది మా అక్క" అంది చిన్నత్త.

"మీ అక్క నదిలో పోయినట్టు మా రికార్డు."

"అది నేనాడిన అబద్ధం బాబూ."

"పుట్టుమచ్చ ఎవరైనా పెట్టుకోవచ్చు."

చిన్నత్త బల్ల మీదుగా ముక్కు చాచింది. "రుద్దు నాయనా."

ఆయన అటూ ఇటూ చూసి, కాగితాలు తిప్పడానికి పెట్టుకున్న తడి స్పాంజిలో వేలు ముంచి రుద్దాడు. మచ్చ ఊడలేదు, చిన్నత్త తుమ్మింది. ఫోనులో మనవరాలు తన ముక్కును జేబురుమాలుతో తుడిచింది. చుక్క మాయమైంది. పక్క బల్లల గుమాస్తాలు పనులాపి చూస్తున్నారు.

"ముక్కును దస్త్రానికి జతపరచలేం" అన్నాడు కొర్రీలాయన చివరకు, వేలు తుడుచుకుంటూ. దస్త్రం మీద రాశాడు: దరఖాస్తుదారు తాను జీవించి ఉన్నట్లును, సదరు వ్యక్తి తానే అయినట్లును తగు పత్రముతో నిరూపించుకొనవలెను.

డాక్టరు పెట్టిన గడువుకు పన్నెండు రోజులుంది. మెట్లు దిగుతూ జిగురమ్మ తన చేతుల మీదుగా పోయిన కట్టలన్నీ తలచుకుంది. బతికే ఉన్నామని జనం పెట్టుకున్న అర్జీల కట్టలు ఇటుకలంత మందం. కొర్రీ మీద కొర్రీ చేరి, అర్జీదారు పోయాకే వాటికి కుట్టు పడేది. తప్పు చేశారని పెట్టిన ఫిర్యాదుల కట్టలు అట్టకంటే పల్చన. మనిషి ఉన్నాడని ఒప్పుకోవడానికి ఆ ఆఫీసుకు నలభై సంతకాలు కావాలి. నేరం చేశాడనడానికి ఒక్కటి చాలు. ఆమె మూడో మెట్టు మీద ఆగింది.

"అత్తా, నీ మీద ఫిర్యాదు పెడతాను."

"నా మీదా! ఏమనే?"

"తప్పుడు చావు రాయించి ప్రభుత్వాన్ని మోసం చేశావని. భయపడకు, అంత పాత తప్పుకు శిక్ష వేసే గడువు ఎప్పుడో దాటింది. చట్టం చూశాను."

చిన్నత్త ముఖం విప్పారింది. "గట్టిగా రాయి. మెత్తగా రాస్తే పట్టించుకోరు. పొగరుబోతని కూడా రాయి."

"దానికి ఆధారం?"

"నన్ను చూపించు."

ఆరో రోజుకల్లా రిజిస్టరు పోస్టులో నోటీసు దిగింది. ఫలానా పేరు, ఫలానా తండ్రి కుమార్తె, ఎనభై నాలుగేళ్లు, ఫలానా ఇంటి నంబరులో నివసిస్తున్న మీపై చర్య ఎందుకు తీసుకోరాదో స్వయంగా హాజరై తెలుపవలెను. కింద గుండ్రటి ముద్ర, కొర్రీలాయన సంతకం. అరవయ్యారేళ్లలో ప్రభుత్వం ఆమెను ఆ పేరుతో పలకరించడం అదే మొదలు.

ఆసుపత్రి కౌంటరులో అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇది నేరారోపణ నోటీసండీ."

"పేరుందా?" అంది జిగురమ్మ.

"ఉంది."

"వయసు, చిరునామా, ప్రభుత్వ ముద్ర?"

"ఉన్నాయి."

"మీ గోడ మీద రాసి పెట్టింది ఆ నాలుగే. అయిదోది ఉంటే చూపించండి."

ఆ అమ్మాయి గోడను రెండుసార్లు చదివి, పేరు రాసుకుంది.

కంటి కట్టు విప్పిన రోజు చిన్నత్త ముందుగా అడిగింది మనవరాలు ఫోనుకు పంపిన అక్క ఫోటో. చాలాసేపు దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఎంత పెద్ద చుక్క పెట్టుకుందో చూడు. నాది ఇంతేగా" అంటూ వేలితో తన ముక్కు తాకి చూసుకుంది.

విచారణ రోజున ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, గంట ముందే వచ్చి వరండా బెంచీ మీద కూర్చుంది. వచ్చేపోయే ప్రతి మనిషినీ కొత్త చూపుతో తేరిపార చూస్తూ, వాళ్ల చొక్కాల కుట్టులో తప్పులు జిగురమ్మ చెవిలో చెబుతోంది. లోపల కొర్రీలాయన దస్త్రం తిరగేస్తున్నాడు. అటెండరు గుమ్మంలోకొచ్చి, వరండా మారుమోగేలా చిన్నత్త పేరు పిలిచాడు.

చిన్నత్త కదల్లేదు. జిగురమ్మ మోచేత్తో పొడిచింది. "అత్తా, నిన్నే."

"తెలుసు."

"మరి లే. హాజరు కాలేదని రాసేస్తారు."

"ఉండవే" అంది చిన్నత్త, వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్లో సర్దుకుంటూ. "ఇంకోసారి పిలవనీ."