కార్తీకమాసంలో టర్కీ కోడి

తను చేయనక్కర్లేని పని ఏదైనా మా ఆయనకు చాలా సులువుగా కనిపిస్తుంది. ఆ గురువారం వంట గురించీ అలాగే అన్నాడు. ఆఫీసులో ఇంటర్నెట్ నుంచి తీసిన కాగితం నా చేతిలో పెట్టి, "టర్కీ కోడి, బంగాళాదుంప ముద్ద, ఉడికించిన బీన్సు. అంతేనోయ్! గంటలో అయిపోతుందట" అన్నాడు. ఆ 'అట' దగ్గరే నాకు ఒళ్ళు మండింది.

వస్తున్నది ఆయన మేనేజరు. అమెరికావాడు. పెళ్ళాం బిడ్డలు అక్కడ, ఆయన ఇక్కడ సింగపూరులో, తంజోంగ్ పగార్ పేటలోని ఆఫీసులో. వాళ్ళ దేశంలో ఆ గురువారం టర్కీ తినే పండగట. పాపం ఒంటరిగా ఉంటాడని మా ఆయన భోజనానికి పిలిచేశాడు.

నేను కాదనలేదు. ఆ భోజనం మీద నా ఉద్యోగం ఆధారపడి ఉంది మరి. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని లోకమంతా గగ్గోలు పెడుతున్న రోజులవి. పాత కోబాల్ ప్రోగ్రాములు చదవగలిగేవాళ్ళను గాలించి పట్టుకుంటున్నారు. హైదరాబాదులో ఆ కోబాల్‌తోనే మూడేళ్ళు కుస్తీ పట్టినదాన్ని, సింగపూరు వచ్చి ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చున్నాను. "మీ మేనేజరుకు నా సంగతి చెప్పండి" అని వచ్చిన దగ్గర్నుంచీ పోరుతున్నాను. "సమయం చూసి చెప్తాగా" అనేవాడు. చివరికి, "ఇంటికి పిలుస్తా. కడుపునిండా తిన్నాక అడిగితే ఎవడూ కాదనడు" అని తేల్చాడు.

అది కార్తీకమాసమని మాత్రం ఆ మహానుభావుడికి గుర్తులేదు. గుర్తు చేస్తే, "మనం తినం కదా, వండటానికేం?" అన్నాడు. ఉద్యోగం రావాలనే నేను ఆ నెలంతా నీచు ముట్టనని మొక్కుకున్నాను. రోజూ సాయంత్రం కారిడార్‌లో గుమ్మం పక్కన దీపం పెడుతున్నాను. ఇప్పుడు ఆ ఉద్యోగం కోసమే టర్కీ వండాలి! శివుడికి ఎలా సర్దిచెప్పుకోవాలో నాకు తోచలేదు.

కాగితంలో మొదటి మాటే ఓవెన్ వేడి చేయమని. మా ఇంట్లో ఓవెనెక్కడిది, నా మొహం! రెండు పొయ్యిలు, ఒక ప్రెషర్ కుక్కరు. మా ఆయన తెచ్చిన రొమ్ము ముక్కలేమో ఇటుకల్లా గడ్డకట్టి ఉన్నాయి. వాటిని నీళ్ళలో నానేసి మెత్తబడేదాకా కాచుకుని, అలవాటు కొద్దీ పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టించేశాను. తర్వాత చూస్తే కాగితంలో పసుపు ఊసే లేదు. కడిగితే పోయేదా అది? కానీలే అనుకుని కుక్కర్లో పెట్టి కూతలు రానిచ్చి, మూకుట్లో వెన్న వేసి ఎర్రగా వేయించాను. బంగాళాదుంప ముద్దకు పోపు పెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఉడికిన బీన్సును చూస్తే పథ్యం కూరలా జాలేసింది.

ఇక ఉప్పు చూసేదెవరు? పక్క ఫ్లాట్ ఆంటీని పిలిచాను. ఆవిడది తాతల కాలంలోనే విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. ఏ మాసమైనా ఆవిడకు చేప లేనిదే ముద్ద దిగదు. ఆవిడ తెలుగులో తమిళం, మలయ్ కలిసిపోయి ఉంటాయి, భోజనాన్ని 'మకాన్' అంటుంది. ఒక ముక్క నోట్లో వేసుకుని మొహం అదోలా పెట్టింది.

"అయ్యయ్యో, ఏంది మా ఇది, రొంబ సప్పగా ఉంది లా! మకాన్‌కి వచ్చేది తెల్లోడా? అయితే కారం వద్దులే, తట్టుకోలేడు. ఉప్పు మాత్రం ఇంకొంచెం పెట్టు."

పెట్టాను. ఆంటీ వెళ్ళిపోయింది. ఆఫీసు కాగానే మా ఆయన మేనేజరును వెంటబెట్టుకొచ్చి, "మై వైఫ్" అని నన్ను చూపించి, ఆయన్ను నేరుగా బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

మేనేజరు ఇష్టంగానే తింటున్నాడు. పసుపు రంగును మెచ్చుకున్నాడు కూడా. కాసేపటికి మా కంచాల్లో పప్పూ అన్నమే ఉండటం చూసి, మీరెందుకు తినడం లేదని అడిగాడు.

"మా ఆవిడకు భక్తి ఎక్కువండీ" అన్నాడు మా ఆయన ఇంగ్లీషులో. "పూజలు, వంట, ఇల్లు. అదే ఆమె లోకం."

ఇదేం వరసరా దేవుడా అనుకుంటుండగానే మేనేజరు తలూపాడు. "అవునవును, రెండు నెలల క్రితం చెప్పావు కదా" అన్నాడు. నా వైపు తిరిగి, "మీకు కోబాల్ వచ్చని ఒకసారి మాటల్లో అన్నాడమ్మా. మాకు మనిషి కావలసి వచ్చి నేనే అడిగాను. మీకు ఉద్యోగం ఇష్టం లేదన్నాడు. వేరేవాళ్ళను తీసుకున్నాం."

బీన్సు వడ్డిద్దామని ఎత్తిన గిన్నెతో అక్కడే ఆగాను.

"నీకు శ్రమవుతుందని... ఇద్దరం ఒకే ఆఫీసులో ఉంటే నలుగురూ ఏమనుకుంటారోనని..." అని మా ఆయన కంచంలోంచి తల ఎత్తకుండానే తెలుగులో నసిగాడు.

"ఏ నలుగురండీ? ఈ ఊళ్ళో మనకు తెలిసిందే ముగ్గురు!"

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. రెండు నెలలుగా నేను దేవుడికి దండం పెట్టుకుంటూ, ఈయన 'సమయం' కోసం ఎదురుచూస్తున్నాను. గిన్నె బల్ల మీద పెట్టి మేనేజరు వైపు తిరిగాను.

"ఇష్టం లేదని నేనెప్పుడూ అనలేదు. మూడేళ్ళు బ్యాంకు ప్రోగ్రాములు రాశాను. మళ్ళీ మనిషి కావలసి వస్తే ఎవర్ని అడుగుతారు?" అన్నాను ఇంగ్లీషులో.

ఆయన అలవాటుగా మా ఆయన వైపు చూశాడు.

"అటు కాదు, ఇటు" అన్నాను.

ఆయన ఫోర్కు పక్కన పెట్టాడు. ఏ మెషీన్ మీద చేశారని అడిగాడు. సంవత్సరానికి రెండంకెలే ఉన్న ఫైళ్ళను ఎలా సరిచేస్తారని అడిగాడు. చెప్పాను. ఇంకా అడిగాడు, ఇంకా చెప్పాను. టర్కీ చల్లారిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఆయన జేబులోంచి పెన్ను తీసి, తన కార్డు వెనక్కి తిప్పి, "మీ పేరు?" అన్నాడు.

నా ఇంటికొచ్చి, నా వంట తిని, అప్పటిదాకా నా పేరు తెలియదాయనకు. మా ఆయన చెప్పడానికి నోరు తెరిచాడు.

"మీరాగండి" అని, నేనే చెప్పాను.