బావమరిది నోరు విప్పిన ఆట

మా ఆయన ఒరెస్ట్‌కు వీపున కళ్ళు లేవు. ఉండక్కర్లేదు కూడా. మంచు మీద ఆడే హాకీలో గోల్‌కీపర్ ముందు కాపలాకు ఇద్దర్ని జతగా దింపేది అందుకే. మూలకు జారిన రబ్బరు బిళ్ళ కోసం ఒకడు వీపు తిప్పి దూసుకుపోతే, వెనక తరుముకొచ్చేవాడు ఎటు నుంచి వస్తున్నాడో రెండోవాడు అరిచి చెప్పాలి. చెప్పకపోతే గోడకు గుద్దుకుని పళ్ళు ఏరుకోవడమే!

ఆ చలికాలం మా ఊరి జట్టులో ఆ రెండోవాడు ఎవరో తెలుసా? నా తమ్ముడు టారస్. నా కర్మ కాకపోతే ఏమిటి! రెండేళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు. గడ్డకట్టిన సరస్సు మీద ఇద్దరూ కలిసి చేపలు పట్టుకునే గుడిసెను మంచు కరగకముందే ఒడ్డుకు లాగాలి కదా. వీడు లాగుతాడని ఆయన, ఆయన లాగుతాడని వీడు ఊరుకున్నారు. గుడిసె పొయ్యితో సహా మునిగిపోయింది, దాంతో మాటలూ మునిగాయి.

ఆటలోనూ అదే తంతు. బిళ్ళ ఇద్దరి మధ్య నుంచి పోతుంటే నువ్వాపు అంటే నువ్వాపు అన్నట్టు నిలబడేవారు. కుర్రతనం నుంచీ జట్టుకు అండగా నిలిచిన మా ఆయన ఎందుకూ కొరగానివాడిలా కనబడ్డాడు.

"ఇవాళ నీ వైపు నుంచి ఇంకొక్క గోల్ పడిందా, జట్టులో నీ పని అయిపోయినట్టే ఒరెస్ట్," అని కోచ్ గార్నెట్ తేల్చి చెప్పేశాడు. మా ఆయన మధ్యాహ్నం భోజనం ముట్టలేదు. ఆట లేకపోతే ఆయన ఏమైపోతాడోనని నాకు ఒకటే గుబులు.

పక్కూరి వాళ్ళతో పోటీ. ఆఖరి భాగంలో మేం ఒక్క గోల్ ముందున్నాం. బిళ్ళ మూలకు జారింది. ఒరెస్ట్ వీపు తిప్పి దూసుకెళ్ళాడు. వెనకే వాళ్ళ దున్నపోతు లాంటి ఆటగాడు! నేను అమ్ముతున్న పెరోగీల పళ్ళెం, అవే బంగాళాదుంప కూరిన కజ్జికాయలు, పక్కన పడేసి, పరుగున వెళ్ళి ఆట చుట్టూ కట్టిన అద్దం బాదాను.

"అరవరా టారస్! నోరు పడిపోయిందా?"

వాడు అరిచాడు. రేకుల షెడ్డంతా దద్దరిల్లింది.

"బావా, ఎడమ నుంచొస్తున్నాడు! నాకిటు తొయ్!"

ఒరెస్ట్ తలైనా తిప్పలేదు. కుడికి ఒదిగి బిళ్ళను మా తమ్ముడి వైపు తోశాడు. దున్నపోతు వెళ్ళి గోడకు గుద్దుకుంది! అబ్బ, ఆ కేరింతలో నా గొంతు పోయింది.

ఇక ఇద్దరి నోళ్ళకూ అడ్డూ ఆపూ లేదు.

"నేనున్నా బావా, నువ్వు పో!"

"చూసి చావరా, వాణ్ణి వదిలేశావ్!"

మధ్యలో తిట్లు కూడా. గోల్ మాత్రం ఒక్కటీ పడలేదు. గెలిచాం!

ఆట ముగిశాక గార్నెట్ నవ్వుతూ వచ్చాడు. "నీ చోటుకు ఢోకా లేదు ఒరెస్ట్. మీ ఇద్దరికీ పడదుగా, వచ్చే ఆటకు నీ పక్కన వేరేవాణ్ణి దింపుతాలే."

మా ఆయన హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వాణ్ణి తీసేస్తే నన్నూ తీసెయ్," అన్నాడు.