కడుపు చర్మం కింద వినిపించిన చప్పుడు

దయ్యాలంటే నాకు నవ్వు. తమిళనాడు కోవిల్‌పట్టిలో మా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో దయ్యముందని ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే, అదీ కూలికే వచ్చిందేమోనని ఎగతాళి చేసేదాన్ని. ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఈ ఒక్కటి తప్ప.

తొంభైల చివర్లో నేను కడుపుతో ఉన్నాను. మాలో ఏడో నెలలో రెండు చేతులకూ గాజులు తొడుగుతారు, ఆ చప్పుడు లోపలి బిడ్డ వింటుందని. గాజులు కొన్నారు. వేడుక జరగకముందే బిడ్డ కదలడం మానేసింది. మళ్ళీ కాన్పు లేదు.

కొన్నేళ్ళకు రొమ్ము కాన్సర్ వచ్చింది. మదురైలో రొమ్ము తీసేసి, బిడ్డను మోసిన నా పొట్ట చర్మం, కొవ్వు పైకి తెచ్చి కొత్త రొమ్ము కట్టారు. బాగానే ఉన్నానని అనుకుంటుండగా అందులో ఒక గడ్డ చేతికి తగిలింది. తిరగబెట్టిందేమోనన్న భయంతో నాకు అన్నం సహించలేదు.

మా అత్తను తోడు తీసుకుని విరుదునగర్‌లో స్కాన్‌కు వెళ్ళాను. డాక్టరమ్మ గడ్డలో రక్తం ఆడుతోందో లేదో చూడాలని మిషన్‌లో శబ్దం పెట్టింది. నా నాడి నెమ్మదిగా వినిపించింది. దాని కింద ఇంకొకటి, కుట్టుమిషన్ తొక్కినంత వేగంగా.

ఆమె నా మణికట్టు పట్టుకుని చూసింది. మిషన్ ఆపి మళ్ళీ పెట్టింది. అదే చప్పుడు, గడ్డ మీద మాత్రమే. నేను భయపడి లేవబోయాను. చేతి గాజులు గలగలమన్నాయి. ఆ వేగమైన చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

అత్త నా చెయ్యి పట్టుకుంది.

"కదలొద్దు పాపా. బయపడొద్దు. అది వింటా ఉండాది."

తనే నా గాజులు మెల్లగా కదిపింది. చప్పుడు మళ్ళీ మొదలైంది. డాక్టరమ్మ మిషన్ కట్టేసింది.

సూది పరీక్షలో అది చచ్చిపోయిన కొవ్వని, కాన్సర్ కాదని తేలింది. గర్భిణులకు బిడ్డ గుండె చప్పుడు వినడానికి వాడే మిషనే కదా, ఏదో లోపమై ఉంటుందని డాక్టరమ్మ అంది. కావచ్చు. గాజుల చప్పుడుకు ఎందుకు ఆగి, మళ్ళీ ఎందుకు మొదలైందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

మరుసటేడు మళ్ళీ చూశారు. గడ్డ కరిగిపోయింది. శబ్దం పెట్టమని నేనే బతిమాలాను. నా నాడి ఒక్కటే వినిపించింది.

రోగం లేదని ఇంట్లో అందరూ సంతోషించారు. నాకు మాత్రం రెండోసారి బిడ్డను పోగొట్టుకున్నట్టు అనిపించింది. ఎందుకో ఈ రోజుకూ చెప్పలేను.