ముత్యాలయ్య మార్చి చెప్పిన సినిమా

ముత్యాలయ్యకు సముద్రమంటే పడదు. పుట్టిందేమో కృష్ణపట్నం పక్కన, అటు సముద్రానికీ ఇటు బకింగ్‌హాం కాలువకీ మధ్య ఇసకలో ఉన్న పట్టెడు పాళెంలో. మగాళ్ళంతా తెప్పలేసుకుని తూర్పుకి పోతుంటే ఈయనొక్కడు పడమటికి తిరిగి కాలువ పడవ పట్టుకున్నాడు. శ్రీహరికోట అడవిలో సరుగుడు కట్టెలు ఎక్కించుకుని మద్రాసు చేర్చడం ఆయన పని. గాలుంటే తెరచాప, లేకుంటే గెడ, రెండూ కుదరకపోతే గట్టున నడుస్తూ తాడుతో లాగడం. "ఆ నీళ్ళూ కదలవు, నువ్వూ కదలవు" అని తెప్పలవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన ఉడుక్కునే రకం కాదు, నవ్వి ఊరుకునేవాడు.

మద్రాసులో అడితి దగ్గర కట్టెలు దించేసరికి మూడు రోజులు పట్టేది. తోటి పడవలవాళ్ళు సారా కొట్టు వెతుక్కుంటే ముత్యాలయ్య సినిమా హాలు వెతుక్కునేవాడు. సినిమాకి పోయేవాళ్ళు లోకంలో బోలెడు మంది. హీరో ఎవరని అడుగుతారు, పాటలెన్నని అడుగుతారు. ఈయన పిచ్చి వేరు. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఒక సినిమా చూస్తుండగా, ఇదంతా ఎవరో ఒక మనిషి కూర్చుని ఆలోచించి చేసిన పని కదా అని తట్టింది. అంతే, ఆ మనిషెవరో తెలుసుకోవాలని పట్టుకుంది. పేర్లన్నీ పడ్డాక ఆఖర్న వచ్చే పేరే ఆయనదని టిక్కెట్లు చింపేవాడు చెప్పాడు. ముత్యాలయ్య చదువు రెండో తరగతి. కూడబలుక్కుని చదివేలోపు పేరు కాస్తా మాయమయ్యేది. మూడుసార్లు టిక్కెట్టు కొని ఆ పేరు పూర్తిగా చదివిన మొండిఘటం ఆయన. ఆ పేరు మనకెందుకులెండి. ముత్యాలయ్య మాత్రం "మన డైరెక్టరుగారు" అనేవాడు, మేనమామ గురించి చెప్పినట్టు.

"ఆయనకి తొందర లేదబ్బా" అని చెప్పేవాడు భార్య సామ్రాజ్యంతో. "ఏడిచేవాళ్ళ మొహం చూపించడు. వాళ్ళు తోముతున్న చెంబు చూపిస్తాడు. ఆ చెంబు చూస్తే మనకే ఏడుపొస్తుంది. అట్టా తియ్యాలంటే ఎంత గుండె ఉండాల."

"నీకుండేది మాత్రం పిచ్చి" అనేది సామ్రాజ్యం. ఆమె నోటికి జడిసేవాళ్ళు పాళెంలో చాలామంది ఉండేవాళ్ళు గానీ ఈయన జడిసేవాడు కాదు.

అప్పట్లో పాళెం చుట్టుపక్కల సినిమా డేరా కూడా లేదు. అందుకని ముత్యాలయ్య తిరిగొచ్చిన ఆదివారం మధ్యాహ్నం, ఎండుచేపలు ఆరబెట్టే తాటాకు పందిరి కింద ఆడవాళ్ళంతా చేరేవాళ్ళు. ఆయన సినిమా చెప్పేవాడు. ఊరికే కథ చెప్పడం కాదు. ఎక్కడ తలుపు చప్పుడు, ఎక్కడ వాన, ఎక్కడ ఎవరు తల తిప్పారు, అన్నీ వరసగా, ఒక్కటి పొల్లు పోకుండా. చేతుల్లో వలలు ఆగిపోయేవి. డైరెక్టరుగారు తీసింది తీసినట్టు చెప్పడమే తన పని అని, అందులో వేలు పెట్టడం పాపమని అనేవాడు.

అలాంటివాడు ఒక్కసారి వేలు పెట్టాడు.

అది యాభై తొమ్మిది. పందిరి కింద ముందు వరసలో పెంచలమ్మ కూర్చుని ఉంది. అంతకు రెండేళ్ళ ముందు ఆమె మొగుడు హజరత్తయ్య పట్టపగలు లేచిన గాలిలో తెప్పతో సహా పోయాడు. శవం దొరకలేదు, తెప్ప చెక్క కూడా దొరకలేదు. దొరికితే ఏడ్చి కర్మ చేసుండేవాళ్ళు. దొరకలేదు కాబట్టి పెంచలమ్మ బొట్టు చెరపలేదు, గాజులు తియ్యలేదు. ఇరవై రెండేళ్ళ పిల్ల. పక్క పాళెం పోలేరయ్య, హజరత్తయ్యతో కలిసి వేటాడినవాడే, నెమ్మదస్తుడు, ఆమెను మారుమనువు చేసుకుంటానని పెద్దల్తో చెప్పించాడు. పెద్దలు సరేనన్నారు. పెంచలమ్మ "ఆదివారం సినిమా కథ అయిపోనీ, ఆ సాయంత్రం చెప్తా" అంది. అందరికీ తెలుసు, సరే అనబోతోందని.

ఆ ఆదివారం ముత్యాలయ్య చెప్పింది డైరెక్టరుగారి కొత్త సినిమా. ఒకామె మొగుడు రంగూనుకి ఓడెక్కి పోతాడు. ఆమె రోజూ సందెవేళ వాకిట్లో దీపం పెడుతుంది. ఏళ్ళు గడుస్తాయి. ఆఖర్న ఎవరో పరాయి మనిషి అతని ట్రంకుపెట్టె తెచ్చి అరుగు మీద పెట్టి పోతాడు. ఆమె పెట్టెను చూస్తుంది. ఏడవదు. దీపం ఆర్పేస్తుంది. తెరంతా చీకటి. పాట లేదు, వాయిద్యం లేదు. హాల్లో జనం ఈలలేశారట, కరెంటు పోయిందనుకుని. ముత్యాలయ్య మాత్రం ఆ చీకట్లో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. మనల్ని కూడా ఆమె పక్కన కూర్చోబెట్టినాడు కదా మహానుభావుడు అనుకున్నాడు.

పందిరి కింద అంతా చెప్పుకుంటూ వచ్చాడు. అరుగు దాకా వచ్చాడు. పెంచలమ్మ వైపు చూశాడు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, తన బతుకే ఆయన నోట్లో ఉన్నట్టు చూస్తోంది. ముత్యాలయ్య నాలుక తిరగలేదు. ట్రంకుపెట్టె అనాల్సిన చోట మొగుడన్నాడు.

"ఏడో ఏడు సందెవేళ దీపం ఎలిగించబోతుంటే, ఎనక నించి అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే మొగుడే" అన్నాడు.

ఆడవాళ్ళంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. కొందరు కళ్ళొత్తుకున్నారు. అంత చక్కగా ఎప్పుడూ చెప్పలేదన్నా అన్నారు. ఆ మెప్పు ఆయనకి తియ్యగా ఉందన్న సంగతి దాచడం ఎందుకు, ఉంది. పెంచలమ్మ లేచి వెళ్ళింది. సాయంత్రం పెద్దలు అడిగితే వద్దని చెప్పేసింది.

అప్పుడే పరుగెత్తి నిజం చెప్పి ఉండొచ్చు. పడవకి కట్టెలు సిద్ధంగా ఉన్నాయని తనకి తాను చెప్పుకుని తెల్లారి బయల్దేరాడు. ఇరవై రోజుల తర్వాత తిరిగొచ్చేసరికి పోలేరయ్య వేరే పిల్లను చేసుకోవడం అయిపోయింది. ఒడ్డున ఒక గుంజ పాతి ఉంది, గుంజకి లాంతరు. రోజూ సందెవేళ పెంచలమ్మ వెలిగిస్తోందని సామ్రాజ్యం చెప్పింది. చెప్పి, మొగుడి మొహంలోకి చూసింది.

"నిజంగా వచ్చినాడా వాడు, ఆ సినిమాలో?"

"వచ్చినాడు" అన్నాడు ముత్యాలయ్య. రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వచ్చింది.

ఆరేళ్ళు వెలిగింది ఆ లాంతరు. పొద్దుగూకాక తిరిగొచ్చే తెప్పలు దాన్ని గుర్తు పెట్టుకుని ఒడ్డుకి చేరేవి. ముత్యాలయ్యకి మాత్రం అది కంట్లో నలుసైపోయింది. సినిమాలు చూస్తూనే ఉన్నాడు, చెప్పడం తగ్గించాడు. హాల్లో డైరెక్టరుగారి పేరు పడితే తల దించుకునేవాడు. ఆయనొచ్చి, నేను తీసింది నువ్వెవడివిరా మార్చడానికి అని అడిగినట్టుండేది. ఈ మనిషిని నిలదీసి అడగాల్సిన వాళ్ళు ఇద్దరయ్యారు, డైరెక్టరుగారూ పెంచలమ్మా, ఒక్కరూ అడగడం లేదు. అడిగితే బాగుండేది.

అరవై అయిదు వేసవిలో కృష్ణపట్నంలో టూరింగు టాకీసు డేరా వేశారు. పాత సినిమాలు తిప్పుకుంటూ వస్తున్నారు. ఒకరోజు ఎద్దుబండి మీద వాల్‌పోస్టరు కట్టుకుని, మైకులో అరుచుకుంటూ పాళెంలోకి వచ్చారు. ముత్యాలయ్య చూశాడు. అదే సినిమా. అక్కడే ఇసకలో కూలబడ్డాడు.

ఆ రోజు ఆయన చేసిన పని చెబితే మీకే అసహ్యమేస్తుంది. ఇల్లిల్లూ తిరిగి, "ఆ సినిమాకి పోబాకండి, రీళ్ళు అరిగిపొయినాయి, బొమ్మ కనబడదు, తీసినోడికే తెలీదు ఏం తీసినాడో" అని చెప్పాడు. దేవుడి పటంలా గుండెలో పెట్టుకున్న మనిషి పనిని తన నోటితోనే చెత్త అన్నాడు. ఆడవాళ్ళు విన్నారా, వినలేదు. ముత్యాలన్న చెప్పిన సినిమా కళ్ళారా చూడాలని అందరూ మొదటాటకే పోయారు. పెంచలమ్మ లాంతరు ముందే వెలిగించి పోయింది.

ముత్యాలయ్య కూడా పోయాడు. నేల టిక్కెట్టులో, మగాళ్ళ వైపు కూర్చున్నాడు. తెర చూడలేదు. మధ్యలో కట్టిన తడిక సందుల్లోంచి పెంచలమ్మ వీపు చూస్తూ కూర్చున్నాడు. దీపం ఆరినప్పుడు ఇక్కడా ఈలలేశారు. ఆ చీకట్లో ఆ వీపు కూడా కనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే కాలువ గట్టున పడవ సందుల్లో నార కూరుతుంటే పెంచలమ్మ వచ్చింది.

"అన్నా, ఆ సినిమా ఆఖర్న తప్పు తీసినారు" అంది. "మొగుడు రావాల గదా. పెట్టె వచ్చింది. నువ్వు చెప్పిందే సరైంది. ఆ తీసినాయనకి తెలీదు."

ఎంత సులువైన దారి. రీళ్ళు మారిపోయుంటాయిలే అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తీసినాయనకి తెలీదు అన్న మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది.

"ఆయనకి తెలుసు పెంచలమ్మా. ఆయన తీసిందే రైటు. నేను మార్చినా."

అన్నాక గానీ తెలిసిరాలేదు తను ఏం చేశాడో. ఈ పిల్ల బతుకు కోసం ఆరేళ్ళు తెరవని నోరు, ఎక్కడో మద్రాసులో ఉన్న డైరెక్టరుగారిని ఒక్క మాట అనేసరికి తెరుచుకుంది. నిజం చెప్పడంలో కూడా సిగ్గుపడాల్సి వచ్చింది ముత్యాలయ్యకి.

పెంచలమ్మ అడిగింది, "ఎందుకు మార్చినావు?"

"నీ మొహం చూసి."

"నా మొహం చూసి నువ్వెందుకు బయపడాల? నేను తట్టుకోలేనని నీకెవరు చెప్పినారు?"

ఆమె వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం గుంజ మీద దీపం లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు గుర్తు తెలీక ఒక తెప్ప అరమైలు దక్షిణానికి కొట్టుకుపోయింది. మనుషులు బతికారు గానీ వల పోయింది. పెద్దలు ముత్యాలయ్యను పిలిచి, నీ మాటంటే గురి గదా, దీపం పెట్టమని ఆ అమ్మికి చెప్పు అన్నారు. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు. ఆమె గడప దగ్గర చేపలు తోముతోంది. నుదుటన బొట్టు లేదు. లేచి చెయ్యి కడుక్కుని, లోపల్నించి లాంతరు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"ఆరేండ్లు నేను పెట్టినా. ఇంక ఆరేండ్లు నువ్వు పెట్టు" అంది.

రోజూ సందెవేళ ఒడ్డున ఉండాల్సినవాడు కాలువ మీద ఇరవై రోజులు ఎలా పోతాడు? పడవ బావమరిదికి అప్పగించాడు. వలలు బాగుచేసే పనిలో కుదురుకున్నాడు. మద్రాసు లేదు. డైరెక్టరుగారు కొత్తగా ఏం తీశారో తెలిసే దారి లేదు. సామ్రాజ్యం మొదట నాలుగు రోజులు తిట్టింది, తర్వాత కిరసనాయిలు తనే తెచ్చి పెట్టింది. పెంచలమ్మ ఆయనతో పలకలేదు. ఆమె లాంతరు వైపు కూడా చూసేది కాదు.

నాలుగేళ్ళు గడిచాయి. అరవై తొమ్మిదిలో కృష్ణపట్నం డేరాకి డైరెక్టరుగారి సినిమా వచ్చింది, ముత్యాలయ్య చూడనిది. మొదటాట సరిగ్గా దీపం వేళకే. పాళెమంతా పోయింది. ఆయన గుంజ దగ్గరే ఉండిపోయాడు.

మర్నాడు సందెవేళ ఒత్తి ఎగదోస్తుంటే పెంచలమ్మ వచ్చి ఇసకలో కూర్చుంది. నాలుగేళ్ళలో మొదటిసారి నోరు విప్పింది.

"మీ డైరెక్టరుగారి సినిమా చూసినా. చెప్తా విను."

చెప్పింది. తలుపు చప్పుడు, వాన, ఎవరు తల తిప్పారు, అన్నీ వరసగా, ఒకప్పుడు ఆయన చెప్పినట్టే. ముత్యాలయ్య ఒత్తి మాట మరిచిపోయి విన్నాడు. కథ ఆఖరి ఘట్టం దాకా వచ్చింది. పెంచలమ్మ లేచి చీర దులుపుకుంది.

"ఆఖర్న ఏమైందో రెండేండ్లకి చెప్తా" అని వెళ్ళిపోయింది.

ఇంటికి పోతే సామ్రాజ్యం ఆ సినిమా గురించే ఏదో చెప్పబోయింది. ముత్యాలయ్య చెవులు మూసుకున్నాడు. ఆ ముగింపు ఆయన పెంచలమ్మ నోటనే వినాలి. ఆమె తీసింది తీసినట్టు చెబుతుందో, మార్చి చెబుతుందో తెలీదు. మార్చినా ఇదేమిటమ్మా అని అడిగే నోరు ఆయనకి లేదు.