ఇంజను ఆగాక చూడమన్న మేడం

మా మేడం పోయారు. మొన్న ఉదయం విజయనగరం నుంచి ఆవిడ భర్త ఫోన్ చేసి, "మీ మేడం ఎలిపోనాదమ్మా" అన్నారు. ఏడ్చాను. ఏడుస్తూనే ఆఫీసులో అందరికీ ఆవిడ గురించి చెప్పడం మొదలుపెట్టాను. చెబుతున్నకొద్దీ నాకే హుషారు వచ్చేసింది. ఆవిడ గురించి ఇంకోలా మాట్లాడటం నాకు చేతకాదు.

ఇంజనీరింగ్ కాలేజీలో మాకు వేడి ప్రసరణ పాఠం చెప్పేవారు. విమానం ఇంజను చుట్టూ రేకు డొప్ప ఉంటుంది. ఇంజనుకీ డొప్పకీ మధ్య ఇరుకు జాగా, అందులోనే వైర్లు, ఇంధనం గొట్టాలు. అక్కడ గాలి ఎటు తిరుగుతుందో, వేడి ఎక్కడ పోగవుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడమంటే ఆవిడకి పిచ్చి. ఆ పిచ్చి మాకూ అంటించారు. పాఠం పుస్తకం భాషలోనే మొదలయ్యేది. గాలి సుడి తిరిగే చోటికి వచ్చేసరికి బొబ్బిలి యాస తన్నుకొచ్చేది: "సూడండర్రా, గాలెంత సోమరిదో! సులువు దారుంటే మూలకి ఎల్లదు."

ఫైనలియర్లో మమ్మల్ని సాలూరు తీసుకెళ్ళి, లారీ బాడీలు కట్టే షెడ్డులో నమూనా చేయించారు. పాత డ్రమ్మే ఇంజను. దాన్లో హీటరు, చుట్టూ రేకు, ముందు గాలి కొట్టే బ్లోయరు. మేస్త్రీ తల గోక్కుని, "ఏటమ్మా ఇది, కోళ్ళగూడా?" అన్నాడు.

"విమానం ఇంజను గది, మావా! కోళ్ళు పడితే నీకే ఇచ్చేస్తాను."

హీటరు వేసే ముందు ఆవిడ రివాజొకటుండేది. ఎక్కడ ఎక్కువ వేడెక్కుతుందో ప్రతివాళ్ళూ రేకు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. తప్పినవాళ్ళు పునుగులు తేవాలి. ఆవిడా పెట్టేవారు, తప్పితే ఆవిడా తెచ్చేవారు. ఆ రోజు బ్లోయరు తిరిగినంతసేపూ కొలతలు మా లెక్కతో సరిపోయాయి. సంబరపడిపోయి అన్నీ ఆపేసి, సామాను సర్దబోయాం.

"అప్పుడే ఏటి! ఆగండి!" అని కేకేశారు.

చూస్తే పై రేకు దగ్గర వేడి పెరుగుతోంది! గాలి ఆగిపోయింది, డ్రమ్ములో వేడి మాత్రం పైకి తన్నుతోంది. ఇంజను ఆగాక ఏమవుతుందన్నది మా లెక్కలోనే లేదు. గెంతాం. మాకన్నా ఎక్కువగా ఆవిడ గెంతారు, తన గుర్తూ జానెడు పక్కకి పడినా సరే. అందరం ఓడాం, పునుగులు గంపెడయ్యాయి.

ఇప్పుడు నా ఉద్యోగం ఆ పనే. ఈ ఏడు ఒక చిన్న విమానానికి లెక్క కట్టాను. ఇంజను ఆపాక పైనున్న వైర్లు మాడతాయని తేలింది. పైన ఇంకో గాలి రంధ్రం పెట్టాలన్నాను. మా ఆఫీసు పెద్దాయన అక్కర్లేదన్నారు. పరీక్షలో నా లెక్క తప్పితే ఆ పని నా చేతిలోంచి పోతుంది. అప్పటికే ఆసుపత్రిలో ఉన్న మేడం ఫోన్లో అంతా విని, తప్పులు వెతికి, "నాను నీ పక్కే. ఇంజను ఆపినప్పుడు ఫోన్ సెయ్" అన్నారు.

పోయినవారం ఆ పరీక్షలో ఇంజను నడిపి ఆపారు. ఫోన్ చెవిన పెట్టుకుని అంకెలు చదవసాగాను.

"పెరుగుతన్నాదా?"

"పెరుగుతోంది మేడం!"

"ఇంకా?"

"ఇంకా!"

వైర్లు ఓర్చుకునే హద్దు దాటింది. పెద్దాయన నా వైపు తిరిగి, "రంధ్రం పెట్టించు" అన్నారు. నేను అరిచాను. అవతల ఆవిడ నవ్వు, దగ్గు, మళ్ళీ నవ్వు. "మంచం దిగి గెంతీదాన్నే, ఈ నర్సమ్మ సూస్తన్నాది!"

ఇక ఫోన్ పెట్టెయ్యనా అన్నాను.

"ఎందుకూ? దిగడం కూడా సూడొద్దేటి? సదువు."

చదివాను. కాసేపటికి వేడి దిగడం మొదలైంది. అటునుంచి జవాబు ఆగింది. చెవి ఆనించి విన్నాను, సన్నగా గురక. ఫోన్ పెట్టెయ్యబుద్ధి కాలేదు. గొంతు తగ్గించి, ఒక్కో అంకే చదువుతూనే ఉన్నాను.